గింజ నుంచి పూలచెట్టు: ఆలమూరు, కడియం నర్సరీ సీమలో విత్తన మొక్కల పెంపకం

రేల, తురాయి, పచ్చ తురాయి, దేవకాంచనం, వరగోగు, కదంబం, పొగడ, నాగలింగం వంటి చెట్లను నీడ కోసం, పూల అందం కోసం రోడ్ల పక్కన, బడి ఆవరణల్లో, గుడి ప్రాంగణాల్లో పెంచుతారు. ఈ చెట్లను తయారుచేసే దారులు రెండు. ఒకటి గింజ నాటడం. రెండోది తల్లిచెట్టు కొమ్మతోనో, గాలి అంటుతోనో, వేరుపిలకతోనో కొత్త మొక్కను పుట్టించడం. గౌతమీ గోదావరి ఎడమ గట్టున ఉన్న ఆలమూరు మండలం ఈ రెండు పనులూ బాగా తెలిసిన నేల. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు ఆలమూరు అందులో చేరింది, పక్కనే ఉన్న కడియం తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండిపోయింది. నర్సరీలకు మాత్రం ఆ సరిహద్దు పట్టలేదు. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి వైపు నుంచి జాతీయ రహదారి వెంట జొన్నాడ దాకా, ఇటు చెముడులంక, బడుగువానిలంక, మడికి వైపూ మొక్కల మడులు పరుచుకుని ఉన్నాయి. ఇక్కడి నుంచి లారీల్లో మొక్కలు దేశంలోని చాలా రాష్ట్రాలకు వెళతాయి. గింజతో పూలచెట్టు పెంచడం కష్టమనీ, గింజలు సరిగా మొలవవనీ ఒక అభిప్రాయం జనంలో గట్టిగా ఉంది. ఉన్న ఆధారాలను పరిశీలిస్తే అది నిజం కాదు. చాలా జాతుల్లో గింజను మొలిపించడం ఒక రాత్రి పని. మొలిచిన మొక్క వేరును చెడకుండా భూమిలో పెట్టడమే అసలు కష్టం. ఆ ఒక్క పని సరిగా చేసినచోట, నూరేళ్లు నిలవాల్సిన చెట్టుకు గింజ మొక్కను మించినది లేదు.

నేడు మన ఊళ్లలో కనిపించే పూలచెట్లలో చాలా భాగం గింజల రూపంలోనే సముద్రాలు దాటి వచ్చాయి. ఎర్ర తురాయి పుట్టిల్లు మడగాస్కర్. అక్కడి పశ్చిమ ప్రాంతపు ఎండు అడవుల్లో అది సహజంగా పెరుగుతుంది. వెంజెల్ బోయర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దాన్ని గుర్తించగా 1829లో దాని వివరణ అచ్చయింది. ఆ తర్వాత అది ఉష్ణమండలంలోని చాలా దేశాలకు చేరింది. గట్టి కవచం ఉన్న దాని గింజలు నెలల తరబడి సాగే ఓడ ప్రయాణానికి చెడకపోవడం ఇందుకు ముఖ్య కారణం. స్థానిక చెట్ల సంగతికొస్తే, వాటిని శాస్త్రీయంగా పరిశీలించిన తొలి కేంద్రాల్లో ఒకటి ఆలమూరుకు ఎంతో దూరం లేని సామర్లకోటలోనే ఉండేది. విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి అక్కడ ఉంటూ మొక్కల తోట పెంచాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లిపోయాడు. 1795 నుంచి భాగాలుగా వెలువడిన ఆయన కోరమాండల్ తీర మొక్కల గ్రంథంలో మోదుగ ఉంది. అనేక మొక్కలకు తెలుగువారు పిలిచే పేర్లను ఆయన నమోదు చేశాడు. ఊరి వీధులను పూలచెట్లతో తీర్చిదిద్దడంలో దక్షిణాదిన పెద్ద పేరు గుస్తావ్ క్రుంబిగల్‌ది. 1908లో బెంగళూరు లాల్‌బాగ్ బాధ్యతలు తీసుకున్న ఈ జర్మన్, ఒక జాతి పూత ముగిసేసరికి మరో జాతి పూతకు వచ్చేలా చెట్లను ఎంచి నాటించాడు. అలాంటి ఆలోచన గోదావరి జిల్లాల పట్టణాల్లో ఇంతవరకూ ఎవరూ గట్టిగా చేపట్టకపోవడం లోటే. కావలసిన మొక్కలన్నీ మన గుమ్మం ముందే పెరుగుతున్నాయి.

గింజలు మొలవవన్న ఫిర్యాదు ఎక్కువగా చిక్కుడు కుటుంబపు చెట్ల మీద వినిపిస్తుంది. రేలకాయను తీసుకుంటే ఆ ఫిర్యాదు మూలం స్పష్టంగా కనబడుతుంది. మూర నుంచి మూరన్నర పొడవుండే ఆ నల్లటి గొట్టాన్ని బండ మీద కొట్టి చీలిస్తే, లోపల నాణేలంత పలుచని అడ్డుగోడలు వరసగా ఉంటాయి. ఒక్కో గదిలో జిగటగా నల్లటి గుజ్జు, ఆ గుజ్జులో ఒక్కటే గింజ. గోధుమ రంగులో నిగనిగలాడే ఆ గింజను గోటితో గీరినా గీత పడదు. అడవిలో ఎలుగుబంట్లు ఆ తీపి గుజ్జు కోసం కాయను తిని గింజలను వేరేచోట విసర్జిస్తాయి. అదే గుజ్జు ఆయుర్వేదంలో విరేచనకారి. చింతలూరు వంటి ఆయుర్వేదపు ఊరు ఈ మండలంలోనే ఉంది కాబట్టి ఇక్కడివారికి రేలకాయ వైద్యపరంగానూ పరిచయమే. గుజ్జు కడిగి ఎండబెట్టిన గింజను అలాగే మట్టిలో వేస్తే నెలల తరబడి ఉలకదు, పలకదు. అది చచ్చిన గింజ కాదు. దాని పైపొరలోకి నీటి చుక్క దిగదు, అంతే. పొరకు ఒక్కచోట చిల్లు పడితే చాలు, రాత్రికి రాత్రే గింజ ఉబ్బి రెట్టింపవుతుంది. కొద్ది గింజలైతే గోళ్లు తీసే కట్టరుతో అంచున చిటికెడు పొర తీయవచ్చు, లేదా గరుకు సిమెంటు నేల మీద రుద్దవచ్చు. మొలక పుట్టే చోటు, అంటే గింజకు చిన్న మచ్చ ఉన్న కొస, తగలకుండా చూసుకోవాలి. ఎక్కువ గింజలైతే నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి, గింజలను అందులో వేసి తెల్లవారేదాకా వదిలేయాలి. గింజలు వేసి నీళ్లను మళ్లీ మరిగిస్తే లోపలి మొలక ఉడికిపోతుంది. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఇదే. ఉదయానికి ఉబ్బినవాటిని ఏరి నాటుకుని, ఉబ్బని వాటికి అదే వైద్యం మరోసారి చేయాలి. తురాయి, పచ్చ తురాయి గింజలకూ పద్ధతి ఇదే. ఇలా చేసిన తురాయి గింజ వారం పది రోజుల్లో మట్టిని చీల్చుకుని వస్తుంది. పెద్ద ఎత్తున గంధకామ్లం వాడే పద్ధతి కూడా ఉంది గానీ ఇంటి దగ్గర ఆ ప్రమాదం తెచ్చుకోవలసిన పని లేదు. గింజకు సన్నని గుండ్రటి రంధ్రం కనిపిస్తే లోపల పురుగు తినేసిందని అర్థం. అవి పారేయాల్సినవే.

గట్టి గింజలకు నిద్ర లేపడం సమస్యయితే, మరికొన్నిటికి ఆయుష్షే సమస్య. 1973లో ఇ.హెచ్. రాబర్ట్స్ విత్తనాలను రెండు వర్గాలుగా విడదీశాడు: ఎండబెట్టి దాచినా బతికేవి, ఎండితే చచ్చేవి. పూలచెట్లలో సీతమ్మవారి అశోకం రెండో వర్గం వైపు ఉంటుంది. నాగలింగం గింజలనూ కాయ గుజ్జులోంచి తీసిన వెంటనే వేయాలి. మోదుగ కాయ బల్లపరుపుగా, రెక్కలా ఉండి కొసన ఒక్క గింజే మోస్తుంది. అది రాలిన ఏడాదే నాటుకోవాలి. టబేబూయా గింజ కాగితం రెక్కలతో గాలికి ఎగిరిపోయేంత పలుచన. కాయ పగిలిన కొద్ది వారాల్లోనే వేస్తే మేలు. పొన్నకాయ పెంకు తీసి నాటితే నెలల ఎదురుచూపు తగ్గుతుంది. వీటన్నిటిలో ఓర్పుకు అసలైన పరీక్ష కదంబం. బంతిలా గుండ్రంగా ఉండే దాని పండు మగ్గి కుళ్లాక పిసికి కడిగి, నీడన ఎండబెట్టి, సన్నని జల్లెడ పడితే మిగిలేది గోధుమరంగు పొడి. ఆ పొడే గింజలు. ఒక్క గ్రాముకు 20,000 దాకా తూగుతాయి. సన్న ఇసుకతో కలిపి మడి మీద చల్లాలి. మట్టి కప్పకూడదు. పై నుంచి రోజ్‌క్యాన్‌తో నీళ్లు పోసినా కొట్టుకుపోతాయి కనుక ట్రేను నీళ్లలో నిలబెట్టి తడి కింది నుంచి పైకి ఎక్కేలా చేయాలి. రెండు మూడు వారాలకు పచ్చటి నాచు పట్టినట్టు కనిపించేదే మొలక. గాలి ఆడకపోతే నారుకుళ్లు పట్టి ఒక్క పూటలో మొత్తం పోతుంది. కానీ రెండు ఆకులు నిలదొక్కుకుని కవర్లలోకి మారాక కదంబం పెరుగుదల అసాధారణంగా ఉంటుంది, నాలుగైదేళ్లలో పూతకు వస్తుంది. కాబట్టి ఇక్కడ కూడా ఆటంకం గింజలో లేదు. గింజను ఏ వారంలో సేకరించామో, ఎలా తడిపామో తెలియకపోవడంలోనే ఉంది.

గింజ దారి అసలే లేని చెట్లు కొన్ని ఉన్నాయి, వాటిని ఇక్కడే ఒప్పుకోవాలి. ఆకాశమల్లె మన ప్రాంతంలో చాలా అరుదుగా కాయ కాస్తుంది, అందుకే వేరుపిలకలతో పెంచుతారు. హాంకాంగ్ జెండా మీద కనిపించే ముదురు ఊదా దేవకాంచనం రెండు సహజ జాతుల సంకరం. దానికి గింజ పట్టదు. ప్రపంచంలో ఉన్న ఆ చెట్లన్నీ 19వ శతాబ్దం చివర హాంకాంగ్‌లో దొరికిన చెట్టు నుంచి అంట్లుగా విస్తరించినవే. దేవగన్నేరుకు గింజ పట్టినా ఏ రంగు పూస్తుందో చెప్పలేం, కోరిన రంగు కావాలంటే కొమ్మ నాటాల్సిందే. ఈ జాబితా పొడవైనదేమీ కాదు.

ఇక వేరు సంగతి. గింజ మొలిచినప్పుడు ముందు బయటికి వచ్చేది ఆకు కాదు, తల్లివేరు. రేల, తురాయి మొక్కలకు నిజమైన ఆకులు విచ్చుకోకముందే వేరు కొన్ని అంగుళాలు దిగి ఉంటుంది. మోదుగైతే తొలి ఏడాది పైకి జానెడు కూడా ఎదగదు, శక్తినంతా కిందికే పంపుతుంది. ఎండు నేలల్లో వేసవిని గట్టెక్కడానికి ఆ చెట్లు అలవరచుకున్న పద్ధతి ఇది. ఆ మొక్కను నాలుగంగుళాల ప్లాస్టిక్ కవరులో పెడితే వేరు అడుగుకు తగిలి, దారి లేక పక్కకు తిరిగి, గోడ వెంట చుట్టలు చుడుతుంది. పైన మాత్రం ఆకులు పచ్చగానే ఉంటాయి కనుక కొనేవారికి ఏమీ తెలియదు. నాటిన పదేళ్లకు కాండం లావెక్కుతుంది, చుట్టుకున్న వేరూ లావెక్కుతుంది. ఒకదాన్నొకటి నొక్కుకుని ఆహారపు దారి మూసుకుపోతుంది. లేదా ఏ తుపానుకో చెట్టు మొదలంటా ఒరిగిపోయి, వేళ్లు కవరు ఆకారంలోనే బయటపడతాయి. ఏళ్ల తరబడి కవరులో బందీ అయిన విత్తన మొక్క కొమ్మ మొక్క కంటే హీనం. గింజ మొక్కలు బాగా రావని చెప్పేవారు చూసి చెప్పేది చాలాసార్లు ఇలాంటి చెట్లనే. అది గింజ తప్పు కాదు, కవరు తప్పు. దీనికి విరుగుడు మన నర్సరీ పనివారికి తెలియనిది కాదు. చిన్న కవరులోంచి సకాలంలో పెద్ద కవరులోకి మార్చడం, మార్చేటప్పుడు అడుగున చుట్టుకున్న వేరును పదునైన కత్తితో కోసేయడం, కవర్లను అప్పుడప్పుడూ జరిపి వేళ్లు నేలలోకి దిగకుండా చూడటం ఇక్కడ రోజువారీ పనులే. లోపల నిలువు గాడులు ఉండే రూట్ ట్రైనర్లలో వేరు చుట్టుకోకుండా కిందికి దిగి, అడుగు చిల్లు దగ్గర గాలి తగిలి ఆగుతుంది, దాంతో పిల్లవేర్లు గుబురుగా వస్తాయి. మెట్ట నుంచి వచ్చే ఎర్రమట్టికి ఇసుక, మాగిన పశువుల ఎరువు, కోనసీమలో కొదవ లేని కొబ్బరి పొట్టు కలిపితే మట్టి గుల్లగా ఉండి వేరు సాఫీగా నడుస్తుంది. లంక ఒండ్రును ఒక్కదాన్నే కవరులో నింపితే తడికి మెత్తబడి ఎండకు గట్టిపడి వేరును బిగిస్తుంది. అన్నిటికంటే మేలైన దారి మరొకటి ఉంది: తొలకరిలో గుంత తీసి, సిద్ధం చేసిన గింజలు రెండు మూడు నేరుగా అక్కడే వేసి, బలమైనదాన్ని ఉంచి మిగతావి తీసేయడం. మోదుగకూ రేలకూ ఇంతకు మించిన పద్ధతి లేదు. మేకలు, పశువులు తినకుండా రెండేళ్లు కంచె వేయగలిగినచోట దీన్నే ఎంచుకోవాలి.

ఇక్కడ నర్సరీవారి వైపు నుంచి వచ్చే అభ్యంతరం న్యాయమైనదే. కొనుగోలుదారు పది అడుగుల మొక్క అడుగుతాడు, జానెడు మొక్క చూపిస్తే పెదవి విరుస్తాడు. అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర నాటినరోజే చెట్టులా కనిపించాలి. ప్రారంభోత్సవానికి ఫొటోలో పడాలి. అడిగింది తయారుచేయడమే వ్యాపారం కనుక ఈ విషయంలో నర్సరీవారిని నిందించడం సరికాదు. కానీ అడిగేవారు ఒక లెక్క తెలుసుకోవాలి. పెద్ద మొక్కను తవ్వి తెచ్చినప్పుడు దాని వేళ్లలో ఎక్కువ భాగం పాత నేలలోనే తెగి మిగిలిపోతాయి. ఆ వేళ్లను తిరిగి పెంచుకునేదాకా పైన పెరుగుదల నిలిచిపోతుంది, నీటికి ఏళ్లపాటు కాపలా కావాలి. ఆ లోగా మూడడుగుల చిన్న మొక్క ఆగకుండా పెరిగి చాలాసార్లు దాన్ని అందుకుంటుంది. దేవకాంచనం గింజ మొక్క మూడో ఏడే పూస్తుంది. పచ్చ తురాయికి నాలుగైదేళ్లు. రేలకు ఐదారేళ్లో ఇంకా ఎక్కువో పడుతుంది. గాలి అంటు మొక్క అంతకంటే ముందే పూయడం నిజమే. కుండీలో పెంచేదానికీ మామిడి వంటి పండ్లచెట్టుకూ అది గొప్ప లాభం. రోడ్డు పక్కన మూడు తరాలు నిలవాల్సిన చెట్టు విషయంలో రెండేళ్ల ముందు పూతకు అంత విలువ ఇవ్వాల్సిన పని లేదు.

అన్నీ ఒకే తీరుగా రావన్నది రెండో అభ్యంతరం. నిజమే, ఒకే చెట్టు గింజల్లో ఒక తురాయి నెత్తుటి ఎరుపు పూస్తే ఇంకొకటి నారింజ పూయవచ్చు. ఒక రేల చైత్రంలోనే విరిస్తే పక్కది పది రోజులు ఆగవచ్చు. వీధి సుందరీకరణ అనగానే అన్నీ సమానంగా, ఒకే ఆకారంలో ఉండాలన్న కోరిక మన మున్సిపాలిటీల్లో పాతుకుపోయింది. ఆ కోరిక ఎక్కడికి తీసుకువెళుతుందో కోనోకార్పస్ చూపించింది. కొమ్మ కటింగులతో లక్షల్లో తేలికగా తయారై, ఏడాదికే పచ్చని గోడలా నిలిచే ఆ చెట్టును తెలుగు రాష్ట్రాల రోడ్ల మధ్య కిలోమీటర్ల కొద్దీ నాటారు. తర్వాత దాని పుప్పొడితో వచ్చే అలర్జీల గురించీ పైపులైన్లలోకి చొరబడే వేళ్ల గురించీ ఫిర్యాదులు వచ్చాయి. 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటడాన్ని నిషేధించింది. ఒకే తల్లి కొమ్మలతో నిండిన వీధికి ఒక తెగులు వస్తే అన్నిటికీ వస్తుంది. గింజ మొక్కల వరసలో ప్రతి చెట్టూ కాస్త వేరు కనుక కొన్నైనా తట్టుకుని నిలుస్తాయి. వ్యత్యాసాన్ని లోపంగా కాక రక్షణగా చూడాలి.

తుపాను దారిలో ఉన్న ఈ సీమలో పెద్ద చెట్లు పెంచడమే ప్రమాదమని మూడో మాట. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమలో కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో వేల చెట్లను పడగొట్టింది. ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. గింజ మొక్క అయినంత మాత్రాన తురాయి నిలుస్తుందని చెప్పడం కూడా తప్పే. దాని కొమ్మ పెళుసు, పక్కవేర్లు పైపైనే పాకుతాయి. పైగా గౌతమి గట్టున భూగర్భజలం పైనే ఉంటుంది, తల్లివేరు ఆ తడి దాకా దిగి ఆగిపోతుంది. అందువల్ల ఇక్కడ గింజ మొక్క బలం లోతులో కంటే చుట్టూ సమంగా విస్తరించే వేళ్లలో ఉంటుంది. కవరులో చుట్టలు పడని మొక్కకే అది సాధ్యం. జాతుల ఎంపిక కూడా దీన్నిబట్టే ఉండాలి. వరగోగు, కదంబం తడి నేలకు ఓర్చుకుంటాయి. పొన్న సముద్రపు గాలికి పుట్టిన చెట్టు. పొగడ నిదానంగా పెరిగినా కలప గట్టిది. రేలను ఎత్తు చేసిన దిబ్బ మీద నాటాలి. తురాయిని ఇంటి గోడకూ కరెంటు తీగకూ దూరంగా, ఖాళీ స్థలమున్న చోటికే పరిమితం చేయాలి. 1986 ఆగస్టులో, 2022 జులైలో వచ్చిన వరదల వంటివి లంకలను ముంచెత్తుతాయి కనుక చెముడులంక, బడుగువానిలంక వంటి చోట్ల నారు వేసే కాలం ముఖ్యం. మాఘ ఫాల్గుణాల్లో కాయలు ఏరి, వెంటనే గింజ వేస్తే ఆషాఢానికి మొక్క నాటేందుకు సిద్ధమై నర్సరీ దాటిపోతుంది. అయితే నారు పెరిగే ఆ మధ్యకాలంలోనే వేసవి మరమ్మతుల కోసం డెల్టా కాలువలు కట్టేస్తారు. బోరు నీరు, షేడ్‌నెట్ నీడ ముందే చూసుకోవాలి.

గింజతో పెరిగే విదేశీ చెట్లు అదుపు తప్పి అడవుల మీద పడతాయన్నది చివరి అభ్యంతరం, ఇది అన్నిటికంటే బలమైనది కూడా. ఎర్రటి పెద్ద పూల స్పథోడియా ప్రపంచంలోని వంద అతి హానికర దురాక్రమణ జాతుల జాబితాలో ఉంది. అందం కోసం తెచ్చిన పసుపు పూల సెన్నా స్పెక్టబిలిస్ నీలగిరి, వయనాడు అడవుల్ని కమ్మేసి అటవీ శాఖలకు తలనొప్పిగా మారింది. ఈ రెండింటినీ ఇక పెంచకపోవడమే మంచిది. అయితే ఇది గింజ పద్ధతికి వ్యతిరేక వాదం కాదు, జాతి ఎంపికకు హెచ్చరిక. మోదుగ, రేల, వరగోగు, కదంబం, దేవకాంచనం, కొండగోగు, బూరుగ మన అడవుల చెట్లే. తూర్పు కనుమల వైపు వెళితే వీటి గింజలు ఉచితంగా రాలి ఉంటాయి. ఉద్యాన పరిశోధనకు వెంకటరామన్నగూడెంలో 2007లో ఏర్పడిన విశ్వవిద్యాలయం, కోనసీమలోనే అంబాజీపేట పరిశోధన స్థానం ఉన్నాయి. కానీ కొబ్బరికీ పండ్లకూ దొరికిన శ్రద్ధ నీడనిచ్చే పూలచెట్లకు దొరకలేదు. ఏ ఊరి ఏ తల్లిచెట్టు గింజ మంచిదో రాసిపెట్టిన పట్టిక ఒకటి ఉంటే కడియం, ఆలమూరు నర్సరీలు దేశానికి మేలైన విత్తన మొక్కలు ఇవ్వగలవు. ఆ పని ప్రభుత్వం మొదలుపెట్టే దాకా నర్సరీ సంఘాలే తమ మండలంలోని మంచి చెట్లను గుర్తించి, వాటి గింజల్నే వాడుకోవచ్చు.

మొక్క కొనడానికి ఈ దారిన వచ్చే పాఠకులకు ఒక విన్నపం. ఎత్తు చూసి బేరం ఆడకండి. గింజ మొక్కా, కొమ్మ మొక్కా అని అడగండి, ఏ నెలలో వేసిందో అడగండి, ఒక్క మొక్క కవరు విప్పి అడుగు చూపించమనండి. వేళ్లు తెల్లగా నేరుగా కనిపిస్తే జానెడు మొక్కయినా తీసుకోండి. గుండ్రంగా చుట్టుకుని ఉంటే పది అడుగులున్నా వద్దని చెప్పండి. కొనేవారు అలా అడగడం మొదలుపెడితే నర్సరీలు అలాగే పెంచుతాయి.